రెండో చొక్కా

బుధవారం, పగలు పన్నెండు కావస్తోంది. కంచరపాలెంలో, వాతావరణ ఆఫీసు ఉద్యోగి నీలకంఠం ఇల్లు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది.

“రోజా, ఆ గళ్ళ చొక్కా ఏదీ?”

“బీరువాలోనే ఉంది, సూడండి.”

“చూశాను. బొత్తాం అలాగే లేదు.”

“పైనుంచి మూడోదే కదా. లోపల బనీనేసుకుంటారు. ఎవరు సూత్తారు?”

“ఎవరో చూస్తారని కాదు. సోమవారం పొద్దున్న చెప్పాను నీకు. ఇవాళ బుధవారం.”

“సోమవారం మీరు సెప్పలేదు. అరిసేరు.”

“అరవలేదు.”

“అరిసేరు. పక్కింటి ఫ్లోరెన్స్ గారు గోడ మీంచి తొంగి సూసేరు. ఒక్క బొత్తాం కోసం అంత గొడవ సేసే మనిషిని నాను ఇంకెక్కడా సూడలేదు.”

“గొడవ బొత్తాం కోసం కాదు. ఒక పని చెప్తే అది అయిందా లేదా అని.”

“ఆరు సొక్కాలున్నాయి మీకు. తెల్లది ఇస్త్రీ సేసి పెట్టేను. నీలంది ఉంది. ఆ గళ్ళదే ఏల?”

“అది నలగదు. రెండ్రోజులు కుర్చీలో కూర్చున్నా మనిషిలా కనపడతాను.”

“రెండ్రోజులుంటారేటి ఆఫీసులో?”

“అలా అన్నానా?”

“మరి సొక్కా ఎందుకు?”

“వద్దులే. అక్కర్లేదు. సంచీ కూడా అక్కర్లేదు. రెండు మెతుకులు తినడానికే వచ్చాను, తిని వెళ్ళిపోతాను. రెండింటికి బులెటిన్ ఉంది.”

“ఉండండి, కుట్టేత్తాను. రెండు నిమిషాల పని.”

“ఇప్పుడొద్దు.”

“కుట్టేత్తానంతన్నాను కదా.”

“వద్దంటున్నాను కదా. నిన్నట్నుంచి కన్ను మూయలేదు రోజా. సూదీ దారంతో పేచీ పెట్టకు.”

“పేచీ ఎవరు మొదలెట్టేరు? సరే. సొక్కా అట్టుకెళ్తారా లేదా, అదొక్కటి సెప్పండి.”

“చొక్కా మీద ఎందుకే నీకంత పట్టు?”

“ఊరికినే.”

“ఊరికే ఏమిటి? మొహం అలా పెట్టుకుని ఊరికే అంటావు.”

“ఎవరో తలుపు కొడతన్నారు.”

“గాలి.”

“గాలి కాదు. ఎవరూ?”

“నాను వదినా. కామేశ్వరిని.”

“కామేశ్వరీ? ఏటే, మోకాళ్ళ దాకా ఈ బురదేటి? హార్బర్ నుంచి నడిసొచ్చేవా?”

“జ్ఞానాపురం దాకా ఆటో వచ్చింది. అక్కడ నీళ్ళు నిలిసిపోనాయి, ఇంక రానన్నాడు. అన్నయ్య ఉన్నారా, ఎల్లిపోనారా?”

“ఉన్నానమ్మా. లోపలికి రా. తాతబాబు ఏడీ? బోటు గట్టిగా కట్టుకున్నాడా? రాత్రికి తాడు తెగిపోయేలా కొడుతుంది.”

“వదినా. నువ్వు సెప్పలేదా అన్నయ్యకి?”

“తువ్వాలు తెస్తానుండు. తల తడిసిపోయింది.”

“రోజా, ఆగు. ఏం చెప్పలేదు?”

“ఏటీ లేదండి.”

“మీ బామ్మర్ది బోటేసుకుని సంద్రం మీదకి ఏటకెళ్ళేడన్నయ్యా. నిన్న తెల్లారగట్ల. ఆడితో కలిపి ఏడుగురు.”

“నిన్నా? నిన్నెలా వెళ్తాడు? ఎవరూ వెళ్ళొద్దని సోమవారం మధ్యాహ్నమే ఇచ్చాం. ఆ నాలుగు లైన్లు నేనే టైపు చేశాను. ఫోన్లకి మెసేజీలు వచ్చాయి, జెట్టీ మీద మైకులో చెప్పారు.”

“సెప్పేరు. ఈ నెలలో మూడు మాట్లు సెప్పేరు. మూడు మాట్లూ ఎండ కాసింది. మైకు అరిసిన పెతిసారీ బోటు ఆపితే పిల్లలేటి తింటారన్నయ్యా?”

“సరే, సరే. ఇప్పుడెక్కడున్నాడు? దార్లో ఉన్నాడా?”

“తెలీదు.”

“తెలీదంటే?”

“తెలీదంటే తెలీదన్నయ్యా. నిన్న సాయంత్రం అయిదింటికి ఎల్లాజీ బోటుకి వైర్‌లెస్‌లో సెప్పేడు. వల ఇంజను కింద ఫ్యానుకి సుట్టుకుపోనాదట. ఇంజను ఆడదు. ఎల్లాజీ దగ్గరకెళ్ళి తాడేసి లాగేడు. తాడు రెండు మాట్లు తెగిపోనాది. కెరటం పెద్దదైపోనాదని ఒగ్గేసి వచ్చీసేడు. ఎల్లాజీ జెట్టీ మీదే కూకున్నాడు. రాత్రి నుంచి అన్నం ముట్టలేదు.”

“ఏ ఊరి ఎదురుగా?”

“ముక్కాం ఎదర. ముప్పై మైళ్ళు లోనికి.”

“అయిదింటి తర్వాత మాటల్లేవా?”

“నేవు.”

“కోస్ట్ గార్డ్‌కి చెప్పారా?”

“రాత్రే సెప్పేరు మావోళ్ళు. పొద్దున్న ఇమానం తిరిగిందట. మబ్బుల్లో ఏటీ అగుపడనేదట. గాలి తగ్గినాక మళ్ళీ సూత్తామన్నారు.”

“రోజా, ఇదంతా తెలిసి నువ్వు నాతో బొత్తాం గురించి మాట్లాడుతున్నావా?”

“ఏటకెళ్ళేడని తెలుసు. ఇంజను సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. కామేశ్వరీ, నిన్న రాత్రి నాకెందుకు ఫోన్ సెయ్యలేదే?”

“సేసి ఏటని సెప్పను వదినా, నీకు?”

“నీకు అనేటప్పుడు ఆ గొంతేమిటమ్మా? ఏం చేసింది మీ వదిన?”

“ఏటీ నేదన్నయ్యా.”

“ఇద్దరూ ఒకటే పాట. వాణ్ణి అసలు వెళ్ళమన్నదెవరు? నాతో ఒక్కమాట అంటే ఆపేవాణ్ణి కదా.”

“మిమ్మల్ని అడిగితే ఏనాడన్నా సెప్పేరేటి? బులెటిన్‌లో ఉన్నదే నా మాట అంతారు.”

“అది రూలు రోజా. ఆఫీసు బయటపెట్టకుండా నా నోటి వెంట రాకూడదు. ఒకరికి చెప్తే ఊరంతటికీ చెప్పినట్టే.”

“అందుకే తాతబాబు మిమ్మల్ని అడగడం మానేసేడు.”

“మరి ఎవర్ని అడుగుతాడు?”

“వదిన్ని.”

“రోజాకేం తెలుసు తుపాను సంగతి?”

“నాకేటీ తెలీదు. మీ సంచీకి తెలుసు.”

“నా సంచీకా?”

“హుద్‌హుద్ వచ్చినప్పుడు, ఏసుకున్నది కాక ఇంకో సొక్కా సంచీలో పెట్టమన్నారు మీరు. నాలుగోనాటికి ఇంటికొచ్చేరు. మీ బావ రెండో సొక్కా పెట్టించుకున్నాడురా అని ఆవేళ తాతబాబుతో మామూలుగానే అన్నాను, ఫోన్లో. ఆడు ఏటకెళ్ళకుండా ఆగిపోయేడు. ఆ తరవాత మబ్బేస్తే సాలు, ఫోన్ సేసేవోడు. అక్కా, బావ సంచీలో ఏటున్నాది?”

“నువ్వు చెప్పేదానివి.”

“సెప్పేదాన్ని. కారేజీ ఒక్కటే ఉంటే ఎల్లు. సొక్కా ఉంటే ఆగు.”

“ఆడొక్కడే కాదన్నయ్యా. మా వరసలో బోట్లన్నిటికీ అదే లెక్క. నీలకంఠం గారి సంచీ ఏటంతంది అని అడిగి మరీ డీజిలు పోసుకుంతారు.”

“ఎన్నాళ్ళ నుంచి ఇది?”

“పదేళ్ళు దాటిపోనాది. ఒక్కసారే తప్పింది. పోయినేడు సబ్బవరంలో మీ తమ్ముడి గృహప్రవేశానికి సొక్కా అట్టుకెళ్ళేరు సూడండి. మావోళ్ళు ఆఫీసుకే అనుకున్నారు. ఇరవై బోట్లు రెండ్రోజులు కట్టేసేరు. సంద్రం అద్దంలాగున్నాది. ఆరోజు మిమ్మల్ని తిట్టినోళ్ళు కూడా, మళ్ళీ మబ్బేస్తే మీ సంచీయే అడిగేరు.”

“నవ్వుతున్నావా కామేశ్వరీ?”

“నవ్వడం నేదన్నయ్యా. రాత్రి నుంచి నా మొహం ఇలగే ఉండిపోనాది.”

“రోజా. సోమవారం వాడికి ఏం చెప్పావు?”

“అన్నం పెట్టేత్తాను. మీకు టైమవుతంది.”

“ఏం చెప్పావు?”

“కారేజీ ఒక్కటే అట్టుకెళ్ళేరని సెప్పేను.”

“కారేజీ ఒక్కటే.”

“అదే కదా అట్టుకెళ్ళేరు మీరు. సొక్కా మంచం మీద పారేసి ఎల్లిపోనారు.”

“బొత్తాం లేక పారేశాను.”

“నాకేటి తెలుసు?”

“తీసుకెళ్దామనే తీశాను రోజా. సోమవారం పొద్దున్నే అనిపించింది నాకు, ఇది ఈ నెలలో వచ్చిపోయినవాటి లాంటిది కాదని. కింద నీళ్ళు అంత వేడిగా ఉన్నప్పుడు అది ఊరికే పోదు. ఇంకో చొక్కా తీసుకుందును. కోపం వచ్చింది. ఆ గళ్ళదే కావాలని పట్టుబట్టి, విసిరేసి పోయాను. రాత్రికి ఎలాగూ వస్తాను కదా అనుకున్నాను.”

“మర్నాడు కుడతానన్నాను నాను.”

“అన్నావు.”

“ఆడు సాయంత్రం ఫోన్ సేసేడు. అక్కా, సొక్కా ఉందా అన్నాడు. అప్పుడు మీ సొక్కా నా సేతుల్లోనే ఉంది. మంచం మీంచి తీసి మడత పెడతన్నాను. మడత పెడతానే సెప్పేను, నేదురా, ఎల్లు అని.”

“ఊరుకో వదినా.”

“ఎల్లు అని నానే అన్నాను.”

“ఊరుకో. నాను ఏడవడానికి రానేదు, నిన్ను ఏడిపించడానికీ రానేదు. నన్ను పంపేరు.”

“ఎవరు పంపారమ్మా?”

“ఎల్లాజీ. నాలుగు బోట్లు రెడీ సేసుకుని ఉన్నారన్నయ్యా. వాన ఆగింది కదా. తాతబాబు కోసం ఎల్తామంతన్నారు. ముప్పైమంది. సంచీ సూసి ఫోన్ సెయ్యమని నన్ను పంపేరు.”

“హార్బర్ గేటు దగ్గర పోలీసులున్నారు. వెళ్ళనివ్వరు.”

“గేటు రోడ్డు మీదుంటాది. నాలుగు బోట్లు ఒక్కసారి తాళ్ళు ఇప్పుకుంటే నీళ్ళ మీద ఎవురాపుతారు?”

“కామేశ్వరీ, విను. వాన ఆగితే తుపాను ఆగినట్టు కాదు. మబ్బులు వరసలుగా వస్తాయి. వరసకీ వరసకీ మధ్య ఇలాగే తెరిపి ఇస్తుంది. కాసేపు ఎండ కూడా రావచ్చు.”

“ఆ మాట మైకులో కూడా సెప్తన్నారన్నయ్యా.”

“పళ్ళెంలో పెట్టేను, కూకోండి. కామేశ్వరీ, నువ్వూ రా. సెయ్యి కడుక్కో.”

“నాకొద్దు వదినా.”

“నిన్నట్నుంచి తినుండవు. కూకో. పప్పుచారు, నెత్తళ్ళ వేపుడు. ఇంకేటీ సెయ్యలేదు.”

“నెత్తళ్ళు ఎక్కడివి?”

“ఆడు పోయిన వారం తెచ్చినవే, ఎండబెట్టి దాసేను. ఏటి, తియ్యమంతారా?”

“ఉండనీ. అన్నం కొంచెం తగ్గించు.”

“అన్నయ్యా, ఒరిస్సా ఎల్లిపోతాదన్నారు కదా ఇది?”

“సోమవారం అలాగే కనపడింది. గోపాల్‌పూర్ వైపు. నిన్న మధ్యాహ్నం నుంచి నడక తగ్గింది. నడక తగ్గి సముద్రం మీదే కూర్చుంటే బలం పెరుగుతుంది. తెల్లవారేసరికి మొహం పడమటికి తిప్పింది.”

“పడమటంటే?”

“మనవైపు.”

“ఎంత గాలి?”

“గంటకి నూట ముప్పై. నూట నలభై కూడా కావచ్చు.”

“ఇంకోమాటు తిరగదా? ఇటు తిరిగింది మళ్ళీ అటు తిరక్కూడదేటి?”

“తిరగొచ్చు.”

“ఎంత?”

“పదిపాళ్ళలో రెండు. మహా అయితే మూడు.”

“మూడంటే ఉన్నట్టే కదన్నయ్యా.”

“నీకు ఉన్నట్టే.”

“మీకు?”

“పెరుగుందా రోజా?”

“ఉంది. ముందు ఆమెకి సెప్పండి.”

“ఏం చెప్పమంటావు? కంప్యూటర్లు తుపానుకి ఒక్కోటి ఒక్కో దారి గీస్తాయి. పొద్దున్న ఆరు గీతలు చూశాను. నాలుగు మనమీంచి పోతున్నాయి. ఒకటి ఒరిస్సా పోతోంది. ఒకటి సముద్రంలోనే తిరుగుతోంది. ఆ ఒరిస్సా గీత ఒక్కటి పట్టుకుని ముప్పైమందిని పంపమంటావా?”

“ఆ ఒక్క గీత మీదే నా మొగుడున్నాడన్నయ్యా. ఇప్పుడెక్కడుంటాడు? అది సెప్పగలరా?”

“గాలి నిన్నట్నుంచి ఈశాన్యం. బోటుని కిందికి తోస్తుంది, దక్షిణానికి. తేలుతూ ఉంటే ఈపాటికి భీమిలి ఎదురుగా వచ్చుంటాడు.”

“అంటే ఇటే వత్తన్నాడు. దగ్గరకే వత్తన్నాడు.”

“ఒడ్డు పక్కనుంచి వస్తున్నాడు. ఒడ్డుకి కాదు.”

“అయినా దగ్గరే కదా. నాలుగ్గంటల్లో ఆళ్ళు ఎల్లిపోతారు.”

“మామూలప్పుడు నాలుగు. ఈ కెరటంలో ఆరు. ఇప్పుడు బయల్దేరితే సాయంత్రం ఆరింటికి అక్కడుంటారు. చీకట్లో వెతకాలి. ఏడు కొడుతుంది. ఎనిమిదికి అదీ అక్కడికే వస్తుంది కామేశ్వరీ. వాళ్ళకి వెనక్కి వచ్చే దారుండదు.”

“పది పాళ్ళలో ఏడు.”

“అవును. పదిలో ఏడు.”

“ఇది బులెటిన్‌లో ఉంటాదా?”

“రెండింటికి ఇచ్చేదాన్లో ఉంటుంది.”

“అయితే ఆళ్ళు ఇనరు. సంచీ సెప్పండి.”

“నేను సంచీ లేకుండా వెళ్తాను. చేతులూపుకుంటూ పోతాను. నా మీద పెట్టకండి ఇది.”

“అలగైతే సొక్కా నేదని సెప్తాను. ఆళ్ళు ఎల్తారు.”

“అలా చెప్పకు.”

“మరేటని సెప్పను? ఉందా, నేదా. మీ సంచీ రెండే మాటలు సెప్తాది. మూడో మాట దానికి రాదు.”

“ఎల్లాజీ బోటులో నీ తమ్ముడు బాబీ కూడా పనిచేస్తున్నాడు కదమ్మా?”

“సేత్తన్నాడు.”

“వాడూ వెళ్తున్నాడా?”

“అందరికన్నా ముందు ఆడే ఎక్కి కూకున్నాడు. బావ కోసం అని.”

“మరి నువ్వేమంటావు?”

“నన్ను అడక్కండన్నయ్యా. నన్నడిగితే ఎల్లమంతాను. ఎల్లమని, ఆడు కూడా రాకపోతే మాయమ్మ మొహం ఎలగ సూస్తానో నాకు తెలీదు. అందుకే మిమ్మల్ని అడగడానికొచ్చేను.”

“రోజా, నువ్వు చెప్పు.”

“ఇంటికి రాగానే మీరు నన్ను మొదట ఏటడిగేరు?”

“ఏమడిగాను?”

“మంచినీళ్ళు అడగలేదు. అన్నం అడగలేదు. సెప్పులు ఇప్పకుండానే, గళ్ళ సొక్కా ఏదీ అన్నారు.”

“తర్వాత వద్దన్నాను కదా.”

“వద్దన్నది నాను కంగారు పడతానని. కాదేటి?”

“కాదని ఎలా అంటాను.”

“అయితే కావాలి మీకు.”

“రోజా.”

“కావాలా, వద్దా?”

“వాడు నాకు బామ్మర్ది మాత్రమే కాదు. మన పెళ్ళినాటికి ఇంత గుంటడు. నా భుజాల మీద ఎక్కి తిరిగాడు.”

“నాకు తెలుసు. నాను అడిగింది సొక్కా గురించి.”

“కావాలి.”

“కామేశ్వరీ, ఆ అద్దం కింద డబ్బాలో సూదుంది, తే. దారం ఎక్కించి ఇయ్యి. నాకు కళ్ళు ఆనడం లేదు.”

“నాను ఎక్కించను వదినా.”

“ఎక్కించవే.”

“నా సేత్తో ఎక్కించను. నన్ను సెయ్యమనకు అది.”

“ఉండు, చెయ్యి కడుక్కొస్తాను. సూది ఇటివ్వమ్మా. నేనెక్కిస్తాను.”

“అన్నం అలగే ఒగ్గేసేరేటండీ.”

“చాల్లే. ఏ రంగు దారం?”

“ఏ రంగైతే ఏటి. తెల్లదే ఎక్కించండి.”

“ఇదిగో.”

“వదినా, నువ్వు కుట్టినా ఆళ్ళు నమ్మరు. గవర్నమెంటు మనిషి, భయపడి పెట్టించుకున్నాడంతాడు ఎల్లాజీ. ఆడు రాత్రి ఒగ్గేసి వచ్చినోడు. ఎవురు ఆపినా ఆగడు.”

“ఎవురు ఆపితే ఆగుతాడు?”

“తాతబాబే వచ్చి ఆపాలి.”

“ఫోన్ కలుపు.”

“వదినా.”

“కలిపి నా సెవి దగ్గర పెట్టు. రెండు సేతులూ ఖాళీ లేవు. ఏవండీ, ఆ దారం కొరికెయ్యండి. ఆ, సాలు. మోగుతందేటే?”

“మోగుతంది.”

“ఎల్లాజీ, నానురా. తాతబాబు అక్కని. ఇను. మా ఆయన సొక్కా అక్కర్లేదన్నారు, నానే బొత్తాం కుట్టి సంచీలో పెట్టేను. మావోడి కోసం ఎవురూ తాడు ఇప్పకండి.”